వెలి తప్పెట

చెక్‌పోస్టు కొత్తూరుకు పవిత్రత పట్టుకున్నది టూరింగ్ టాకీసు వల్ల. అంతకుముందు ఆ ఊరికి అలాంటి జబ్బేమీ లేదు. రెండు రాష్ట్రాల నడుమ చెక్‌పోస్టు పెడితే, ఆగిన లారీల కోసం టీకొట్లూ, టీకొట్ల కోసం పాలవాళ్ళూ, పాలవాళ్ళ కోసం గడ్డిమోపులవాళ్ళూ వచ్చి చేరి, ఎవరూ పనిగట్టుకుని కట్టకుండానే ఊరై కూర్చుంది. పడమటి చివర పసుప్పచ్చ రంగు పూసిన సరిహద్దు రాయి. రాయికి ఇవతల మన రాష్ట్రం, అవతల వాళ్ళ రాష్ట్రం. అవతల కంపచెట్లు తప్ప ఏమీ లేవు.

ఆ వేసవిలో వచ్చిన టాకీసులో ఒక గుర్రాల సినిమా ఆడింది. టోపీలవాళ్ళు తెలుగులో మాట్లాడుకుంటూ గుర్రాల మీద తిరుగుతారు. ఎడారి అంచున ఒక కొత్త ఊరు. పెద్దలంతా కూడి, ఊరు చెడిపోతోందని జూదరినీ, తాగుబోతునీ, ఇంకా తమకు గిట్టనివాళ్ళందరినీ ఎడారిలోకి తోలేస్తారు. తోలేశాక ఆ ఊరు ఏమైందో కొత్తూరులో ఎవరికీ తెలియదు. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది. మళ్ళీ రాలేదు. పెద్దలు చూసినంత చూసి, కథ అంతేననుకుని, తృప్తిగా ఇళ్ళకు పోయారు.

మర్నాడే పుర పవిత్రతా పరిరక్షణ సమితి పుట్టింది. అధ్యక్షులు చిదంబరయ్యగారు. తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా "విషయము" అని మొదలుపెట్టి, "తగు చర్య నిమిత్తము" అని ముగిస్తారు. సమితికి కర్రలు పట్టే దళం ఒకటి కావాలి గనక, గోడౌనులో వాచ్‌మన్ పని చేసిన వీరనారప్పను కెప్టెన్ చేశారు. ఆయన జాతరలో ఒక పెద్ద అంచు టోపీ కొన్నాడు, మెడకు ఎర్ర గుడ్డ చుట్టాడు, విజిలు తగిలించుకున్నాడు. గుర్రం దొరక్కపోతే మోపెడ్‌తో సరిపెట్టుకున్నాడు. దిగినప్పుడల్లా దాన్ని కరెంటు స్తంభానికి తాడుతో కట్టేసేవాడు.

సినిమాలో మనిషిని తోలేసేటప్పుడు గంట మోగింది. కొత్తూరులో గంట లేదు. సుంకన్న తప్పెట ఉంది.

ఊరికీ సుంకన్న ఇంటికీ మధ్య పెద్ద మురిక్కాలువ. కాలువకు అటు ఊరు, ఇటు సుంకన్నవాళ్ళుండే గేరి. పెళ్ళయినా జాతరయినా చావయినా కాలువ దాటి వచ్చి వాయించి, మళ్ళీ కాలువ దాటి పోవడం అతని పని. ఆ చుట్టుపక్కల తప్పెట కాచి దరువు వెయ్యడం వచ్చినవాడు అతనొక్కడే. అతని భార్య కదిరమ్మ చెక్‌పోస్టు దగ్గర బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్మేది. ఆమె బజ్జీకి ఎంత పేరో ఆమె నవ్వుకూ అంత పేరు. లారీ ఇంజను ఆపకుండా నిలబెట్టినా ఆ నవ్వు వినపడేది.

మొదట వెలిపడ్డవాడు పేకాట గోవిందు. సమితి ఆఫీసు ముందు చిదంబరయ్యగారు తీర్మానం చదివారు.

"ఇందుమూలముగా సమస్త పురజనులకు తెలియజేయడమేమనగా, గోవిందు అను వ్యక్తి నైతిక కాలుష్య కారకుడని రుజువైనందున, సదరు వ్యక్తిని తప్పెట మ్రోగుచుండగా సరిహద్దు రాయి దాటించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

"చేతిలో మంచి ముక్కలున్నప్పుడే పట్టుకోవల్లనా సామీ," అని మాత్రం అన్నాడు గోవిందు.

ముందు సుంకన్న తప్పెట, వెనక గోవిందు, అతని వెనక విజిలు వేస్తూ మోపెడ్ మీద కెప్టెను, ఆ వెనక సమితి, ఆ వెనక ఊరంతా. ఊరేగింపు బాగానే సాగింది గానీ దారిలో సుంకన్న ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. గోవిందు నెత్తిన రేకుపెట్టె, చంకలో కోడి పెట్టుకుని నడుస్తున్నాడు. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి చెరుకు లారీల వెంట పరుగెత్తినవాళ్ళు. సుంకన్న చెయ్యి దానంతటదే చావు దరువులోకి దిగింది. వెంటనే వెనకనున్న ఆడవాళ్ళు కళ్ళొత్తుకోవడం మొదలుపెట్టారు. ఒకామె గోవిందుకు దారిలో తినమని సద్దిమూట కూడా ఇచ్చింది.

సమితికి ఇది నచ్చలేదు. ఆ సాయంత్రమే ఒక నిబంధన పుట్టింది. "తప్పెట వాయించు వ్యక్తి ముందు నడువవలెను. రాయి చేరువరకు వెనుకకు తిరిగి చూడరాదు. చూచినచో కనికరము కలిగి దరువు సడలును." వెలివేసేది ఎవరినో కూడా అతనికి ముందుగా చెప్పకూడదన్నారు. జాతర దరువే వెయ్యాలన్నారు.

ఇక చూడండి. ఊళ్ళో ఉన్న జూదరులు ముగ్గురూ, తాగుబోతులు నలుగురూ వారం తిరక్కుండానే అయిపోయారు. దళానికి కర్రలు కొత్తవి, ఉత్సాహం కొత్తది. పని లేకపోతే ఎలా? పాలలో నీళ్ళు కలిపినవాళ్ళను పంపారు. దాంతో పాలవాళ్ళందరూ పోయారు. జాకెట్టు చెప్పిన రోజుకు ఇవ్వడం లేదని దర్జీని పంపారు. అతని తమ్ముడు ఉన్నాడు కదా అనుకున్నారు గానీ అతను అన్న కంటే ఆలస్యం. క్షవరం చేస్తూ ఒకరింటి సంగతులు ఇంకొకరికి చెప్పినందుకు మంగలి వెళ్ళాడు. ఊరు ఊరంతా జుట్టు పెంచుకుని నీతిగా తిరగసాగింది.

సుంకన్నకు ఊపిరాడని పని. పొద్దున్నే మంట వేసి తప్పెట కాచుకోవడం, ఆఫీసు ముందు నిలబడటం, కన్ను ముందుకే పెట్టి రాయి దాకా వాయించడం. రాయి దగ్గర పక్కకు తప్పుకుంటే, వెలిపడ్డ మనిషి అతని పక్కనించే నడిచి అవతలికి పోయేవాడు. అప్పుడు గానీ ఎవరో తెలిసేది కాదు.

"ఈ దినం ఎవర్ని సాగనంపినావయ్యా?" అని కదిరమ్మ రోజూ అడిగేది.

"ఇస్త్రీ పెట్టె రామలచ్చుమ్మను. మడత సరిగ్గా లేదంట."

"ఇంగ మన సమితి అద్దచ్చుడు పోయేదెప్పుడు?" అని కదిరమ్మ నవ్వేది. "చూస్కో మల్లా. ఈ ఊర్లో మంచోళ్ళంతా అవతలికే పోతాండారు."

"నాకేం తెలుస్తాది మే. వాళ్ళు కొట్టమంటారు, నేను కొడతా. తప్పెట నాదే గాని తప్పు నాది కాదు కదా."

కదిరమ్మ దానికి నవ్వలేదు. బజ్జీ పిండి కలుపుతూ ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం కెప్టెను చెక్‌పోస్టు దగ్గర మోపెడ్ మీంచి దిగకుండానే దాన్ని స్తంభానికి కట్టబోయాడు. మోపెడ్ ఒకపక్క, కెప్టెను ఒకపక్క, టోపీ బజ్జీల నూనెలో. కదిరమ్మ టోపీని జల్లిగరిటెతో పైకి తీసి, రెండువైపులా తిప్పి చూసి, "వేగింది సార్, తీస్కపోండి" అంది. అని నవ్వింది. లారీ డ్రైవర్లు నవ్వారు, క్లీనర్లు నవ్వారు, దళంలో ఇద్దరు కూడా కర్రలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. సమితి అత్యవసరంగా కూడి, "బహిరంగ స్థలమందు పరిమితికి మించిన నవ్వు" అనే కొత్త నేరాన్ని కనిపెట్టింది.

మర్నాడు సుంకన్న మంచి హుషారుగా ఉన్నాడు. తప్పెట మంటకు బాగా కాగి ఖంగుమంటోంది. ఎవరో ఏమో తెలియదు, తెలుసుకోకూడదు. దరువు మీద దరువు వేశాడు. మధ్యలో చిందు కూడా తొక్కాడు. వెనక జనం రోజుకంటే గమ్మునున్నారని అతనికి తోచింది గానీ, తన వాయింపుకే అలా అయిపోయారనుకున్నాడు. రాయి దగ్గర పక్కకు తప్పుకుని చెమట తుడుచుకుంటుంటే, నెత్తిన మూకుడు, చంకలో బొరుగుల మూట పెట్టుకుని కదిరమ్మ అతని పక్కన ఆగింది.

సుంకన్న చేతిలోంచి పుల్ల జారిపోయింది.

"ఏం దరువయ్యా అది," అంది కదిరమ్మ. "మన పెండ్లికి గూడా ఇంత బాగ కొట్టల్యా నువ్వు."

"నువ్వని తెల్దు మే. తిరిగి చూడగూడదన్నారు."

"ఎవరైతే ఏం? ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు ఎనకాల నడస్తానే ఉండారు గదా. ఒక్కసారన్నా తిరిగి చూడబుద్ధి గాలేదా నీకు?"

కెప్టెను విజిలు వేశాడు. కదిరమ్మ రాయి దాటి, కంపచెట్ల మధ్య దారిలో వంపు తిరిగిపోయింది. సుంకన్న అక్కడే నిలబడ్డాడు. ఎన్ని చావులకు వాయించినా అతనికి అంత దుఃఖం ఎప్పుడూ రాలేదు.

ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. తెల్లవారీ తెల్లవారకముందే సుంకన్న రాయి దాటి అవతలికి పోయాడు. పోయి నోరు తెరిచాడు. కంపచెట్లు కొట్టేసి వరసగా పాకలు. దర్జీ మిషను తొక్కుతున్నాడు, మంగలి కత్తి నూరుతున్నాడు, పాలవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని, నీళ్ళెవరు ఎక్కువ కలుపుతారని వాదించుకుంటున్నారు. లారీలు ఇప్పుడు ఇక్కడే ఆగుతున్నాయి. ఊరి మొదట్లో వెదురుగడ అడ్డం కట్టి, దాని వెనక స్టూలు మీద గోవిందు కూర్చుని ఉన్నాడు. ఆ కొత్త ఊరి పేరు వెలిపేట, అతను దానికి సర్పంచట.

"యాడికప్పా?" అన్నాడు గోవిందు.

"నా పెండ్లాం కాడికి."

"కూర్చో, టీ తాగు, మాట్లాడుకో. కాపరం మాత్రం కుదరదు." గోవిందు గొంతు సవరించుకున్నాడు. పదవి ఎవరికి వచ్చినా గొంతులోనే ముందు తెలుస్తుంది. "ఇది సక్రమముగా వెలివేయబడినోళ్ళ ఊరు. ముందర తప్పెట మోగల్ల, ఎనకాల విజిలు మోగల్ల, సమితి సూస్తాండగా మనిషి రాయి దాటల్ల. ఊరికే నడిచొచ్చినోళ్ళని రానిస్తే ఇంగ మాకు విలువేముంటాది?"

"నువ్వు గూడా రూల్సు పెట్టినావా గోవిందూ."

"ఊరన్నాక ఉండొద్దా."

కదిరమ్మ అరువు తెచ్చుకున్న బండి గడ పక్కనే ఉంది. ఒక పొట్లంలో ఉగ్గాని కట్టి గడ మీంచి అందించింది. అందులో బజ్జీ రెండు పెట్టింది గాని మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

"మే, గోవిందు నీ మాట ఇంటాడు. చెప్పు."

"నేనే చెప్పినా, రానియ్యొద్దని," అంది కదిరమ్మ. "నన్ను అంత మంది ముందర తప్పెట కొట్టి తరిమినారు. నువ్వు మాత్రం మంచోడి మాదిరి చేతులూపుకుంటా వస్తే నేనెట్ల ఒప్పుకుంటా? నాకెట్ల మోగిందో నీకూ అట్లనే మోగల్ల. మోగినప్పుడు రా. ఉగ్గాని ఏడిగా పెడతా."

సుంకన్న పొట్లం పట్టుకుని వెనక్కి వచ్చాడు. దారిలోనే నిశ్చయించుకున్నాడు. ఎంతసేపు, చెడిపోవడమే కదా.

ముందు రెండు సీసాల సారా తాగి సమితి ఆఫీసు మెట్ల మీద దొర్లాడు. దళంవాళ్ళు వచ్చి, తల కింద తువ్వాలు పెట్టి, పక్కనుంచి పోయారు. తర్వాత చిదంబరయ్యగారి కళ్ళజోడు దొంగిలించి, దొంగిలించానని తనే పోయి చెప్పాడు. "దొరికిందా, సంతోషం," అని ఆయన పుచ్చుకున్నారు. చివరికి ఆఫీసు ఎదుట నిలబడి కదిరమ్మలాగా నవ్వాడు. దిగులులో నవ్వు ఎక్కడినించి వస్తుంది? దగ్గు వచ్చింది. కెప్టెను మంచినీళ్ళు తెప్పించాడు.

"నన్ను ఎందుకు ఎలెయ్యరు సార్?" అన్నాడు సుంకన్న దాదాపు ఏడుస్తూ.

"నిన్ను వేస్తే తప్పెట ఎవరు కొడతారు?" అన్నాడు కెప్టెను.

"మీకు నేర్పిస్తా."

కెప్టెనుకు ఆశ పుట్టింది. పొద్దెక్కినప్పటినించీ దిగేదాకా కాలువ గట్టున సుంకన్న నేర్పాడు, ఆయన నేర్చుకున్నాడు. కెప్టెను దరువు వేస్తే వానలో రేకుల మీద రాళ్ళు పడ్డట్టుంది. రెండు గేదెలు తాళ్ళు తెంపుకున్నాయి. పుల్ల ముక్కుకు తగిలి వాచాక ఆయన టోపీ పెట్టుకుని మోపెడ్ విప్పుకున్నాడు.

మిగిలింది అధ్యక్షులవారు. సుంకన్న ఆయన అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను చెడ్డోణ్ణి సామీ. మీరు నమ్మాల. నన్ను ఊర్లో నుంచి పంపించెయ్యండి."

చిదంబరయ్యగారు కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించారు. తెరిచినప్పుడు ఆయన మొహంలో వెలుగు కనిపించింది.

"విషయము పరిశీలించడమైనది. నీ అభ్యర్థన నిబంధనలకు విరుద్ధముగా ఉన్నది సుంకా. పుర పరిధి మురిక్కాలువతో ముగియును. నీ నివాసము కాలువకు ఆవల. ఊరి లోపల లేనివాణ్ణి ఊరి నుంచి వెలివేయుట ఎట్లా సాధ్యము? నువ్వు ఊళ్ళోవాడివే కాదు కదా."

"మరి నా పెండ్లాన్ని ఎట్ల పంపించినారు సామీ? ఆమెదీ ఆ ఇల్లే."

"ఆమె నవ్వు పరిధిలోపల సంభవించినది."

"అయితే ఇన్నాళ్ళూ మీ పెండ్లిండ్లకు, మీ చావులకు వచ్చింది ఎవరు సామీ?"

"సేవ వచ్చినది," అన్నారు చిదంబరయ్యగారు, ఎంతో దయగా.

సుంకన్న కాలువ దాటి ఇంటికి వచ్చి తప్పెట గోడకు తగిలించి, దాని కేసి చూస్తూ కూర్చున్నాడు. కోపం మెల్లగా వచ్చింది. మెల్లగా వచ్చిన కోపం మంచిది, చెయ్యి వణకదు.

ఈలోగా కొత్తూరు పరమ పవిత్రమైపోయింది. మిగిలినవాళ్ళకు పాలు లేవు, క్షవరం లేదు, కుట్టు లేదు, మాట్లాడుకోవడానికి ఎవరి సంగతులూ లేవు. గాలి పడమటినించి వీస్తే బజ్జీల వాసన వచ్చేది. వాసన పీల్చడం నేరమా కాదా అని సమితి రెండు రోజులు చర్చించి, రెండుసార్లు పీలిస్తే నేరమని తేల్చింది. సుంకన్న మళ్ళీ తప్పెట దింపి, అదను కోసం చూస్తూ ఒక్కొక్కరినీ సాగనంపాడు, దాంతో మిగిలిన ఊరు ఖాళీ అయింది. అధ్యక్షులవారి భార్య సర్వమంగళమ్మగారు తన జాకెట్టు గుడ్డలన్నీ సంచిలో సర్దుకుని, నగలు పెట్టుకుని, ఆఫీసు గుమ్మంలోకి వచ్చి మొగుడి మొహాన నిండుగా నవ్వారు. చాలదేమోనని ఇంకోసారి నవ్వారు. ఆమె పట్టుచీర గరగరలు తప్పెటకు శ్రుతిగా రాయి దాకా వినపడ్డాయి. దళంవాళ్ళు కూడా ఒకరినొకరు పట్టించుకుని, వంతులవారీగా వెళ్ళిపోయారు.

చివరికి ఊళ్ళో ఇద్దరు మిగిలారు, అధ్యక్షులు, కెప్టెను. ఒకరికి గడ్డం, ఒకరికి జుట్టు భుజాల దాకా. ఒక ఉదయం ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఉండగా పడమటి గాలి వీచింది.

"మీరు రెండోసారి పీల్చారు," అన్నాడు కెప్టెను.

"నీవు కళ్ళు మూసుకుని పీల్చావు. అది మరింత తీవ్రమైన నేరము," అన్నారు చిదంబరయ్యగారు.

ఇద్దరి మొహాల్లోనూ ఒక్కసారే ఆకలీ ఆనందమూ కనిపించాయి. కొత్తూరు చరిత్రలో అంత త్వరగా ఏకగ్రీవమైన తీర్మానం లేదు. పరస్పరం వెలివేసుకున్నారు. అధ్యక్షులవారు ధోవతి ఎత్తిపట్టుకుని, మొట్టమొదటిసారి మురిక్కాలువ దాటి సుంకన్న గుమ్మం ముందు నిలబడ్డారు.

"సుంకన్నగారూ," అన్నారు. గారు ఎక్కడినించి ఊడిపడిందో మరి. "విషయము. ఒక చివరి తప్పెట."

సుంకన్న మంట వేశాడు. తొందరపడలేదు. తప్పెటను అటు కాచి ఇటు కాచి, వేలితో మీటి చూసుకున్నాడు.

"ఎవర్ని సామీ?" అని అడిగాడు.

"నీకు చెప్పరాదు. నిబంధన."

"అట్లనే కానియ్యండి."

ఊరేగింపు బయలుదేరింది. ముందు సుంకన్న, వెనక అధ్యక్షులు, ఆయన వెనక మోపెడ్ నెట్టుకుంటూ విజిలు వేస్తూ కెప్టెను. పెట్రోలు బంకువాడిని ఎప్పుడో వెలివేశారు. ఇళ్ళన్నీ తలుపులు వేసి ఉన్నాయి. చూసేవాళ్ళు లేని వీధిలో సుంకన్న తన జన్మలో వేసినంత గొప్ప దరువు వేశాడు. చిందు తొక్కాడు. గిర్రున తిరగాల్సిన చోట కూడా తిరగకుండా ముందుకే గెంతాడు. అప్పటికి పెరిగి పెరిగి రాయి పక్కదాకా వచ్చిన వెలిపేట అంతా ఆ మోతకు పనులాపి గడ దగ్గరికి చేరింది. కదిరమ్మ జల్లిగరిటె పట్టుకుని అందరికంటే ముందు నిలబడింది.

రాయి వచ్చింది. రోజూ సుంకన్న పక్కకు తప్పుకునే చోటు. అధ్యక్షులవారు ధోవతి సర్దుకుని, ముందుకు రావడానికి సిద్ధమయ్యారు.

సుంకన్న తప్పుకోలేదు. దరువు ఆపకుండా, ముందు కాలు, వెనక కాలు, రాయి దాటాడు. దాటి, ఒక్క అడుగు వేసి, అప్పుడు చెయ్యి ఆపాడు.

గోవిందు స్టూలు మీంచి లేచి లెక్క చూశాడు. "ముందర తప్పెట మోగింది. ఎనకాల విజిలు మోగింది. సమితి సూస్తాండగా రాయి దాటింది సుంకన్న. అంతా సక్రమముగానే ఉండాది." అని గడ ఎత్తాడు.

"ఆగుము," అన్నారు రాయికి కొత్తూరు వైపునించి చిదంబరయ్యగారు. "వెలివేయబడినది మేము. ఇది అక్రమము. ఇంకొక్క నాలుగు దెబ్బలు."

"తప్పెట లేకుండా దాటితే ఊరికే నడిచొచ్చినోళ్ళ కింద లెక్క," అన్నాడు గోవిందు. "టీ తాగి పోవచ్చు."

జనంలోంచి సర్వమంగళమ్మగారి నవ్వు వినబడింది. దాన్ని మించి కదిరమ్మ నవ్వు లేచింది. ఇక ఊరు ఊరే నవ్వింది. రెండు రాష్ట్రాలకూ వినపడి ఉంటుంది. కదిరమ్మ నవ్వుతూనే విస్తరాకులో ఉగ్గాని పెట్టి, పైన బజ్జీ పెట్టి, మొగుడి చేతికిచ్చింది. నవ్వు ఎక్కువై ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతనికి నవ్వకుండానే తిరిగాయి.

"ఏడిగా ఉండాది, మెల్లగ తిను," అంది. "ఆ ఎనకాల వాళ్ళెవరో పిలస్తాండారు, సూడు."

విజిలు మోగుతూనే ఉంది. "సుంకన్నగారూ," అనే పిలుపు కూడా వస్తూనే ఉంది. సుంకన్న వేడి బజ్జీ కొరికి, నోట్లో ఇటూ అటూ తిప్పుకుంటూ, నింపాదిగా నమిలాడు.

"తిరిగి చూడగూడదు మే," అన్నాడు. "నిబంధన ఉండాది."